నీడ లేని మధ్యాహ్నాన్ని కొలవడం: వరంగల్ డాబా మీద రంధ్ర శంకువుతో సూర్య పరిశీలన – సమగ్ర మార్గదర్శి

ఏటా మే నెల రెండో వారంలో ఒక రోజు, మధ్యాహ్నం 12 గంటల 8 నిమిషాల ప్రాంతంలో, వరంగల్, హనుమకొండ, కాజీపేటల మీద సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలిపిన కర్రకు గాని, కరెంటు స్తంభానికి గాని, ఎండలో నిలబడిన మనిషికి గాని ఆ క్షణంలో పక్కకు పడే నీడ ఉండదు. ఆగస్టు 1 ప్రాంతంలో ఇదే స్థితి రెండోసారి వస్తుంది కాని, అప్పటికి వానాకాలం ముదిరి ఉంటుంది కనుక మబ్బుల వల్ల చూడగలిగే అవకాశం తక్కువ. అందుచేత మన ప్రాంతంలో ఈ పరిశీలనకు మే నెలే అనువైన కాలం.

ఈ రోజు గురించి ఇప్పుడు చాలామందికి తెలుసు. బడుల్లో సీసాలు, గ్లాసులు నిలబెట్టి పిల్లలకు చూపిస్తున్నారు, ఫొటోలు తీస్తున్నారు. అది మంచి ఆరంభమే గాని, అక్కడితో ఆగిపోతే చేతికి వచ్చేది ఫొటో మాత్రమే, కొలత కాదు. మన కంటికి సూర్యబింబం దాదాపు అర డిగ్రీ వెడల్పు ఉంటుంది. మే నెల రెండో వారంలో సూర్యుడు ఉత్తరానికి జరిగేది రోజుకు పావు డిగ్రీ మాత్రమే. పాతిక సెంటీమీటర్ల సీసా పెట్టి చూస్తే, అసలు రోజుకూ దాని మరునాటికీ నీడలో వచ్చే తేడా సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. కనుక సీసాతో చూసేవారికి వరుసగా మూడు రోజులు నీడ లేనట్టే కనిపిస్తుంది. నీడ లేని రోజును ఆ ఒక్క రోజున కొలవలేము. దానికి ముందు అయిదారు రోజులు, తరువాత అయిదారు రోజులు శ్రద్ధగా తీసుకున్న గుర్తుల నుంచే ఆ రోజు స్పష్టంగా బయటపడుతుంది. ఈ మార్గదర్శి ఆ పద్ధతి గురించే. ఖరీదైన పరికరం ఏదీ అక్కరలేదు గాని, ఓపికా మట్టమూ తప్పనిసరి.

ముందుగా తెలియవలసిన లెక్క

భూమధ్యరేఖ నుంచి సూర్యుడు ఉత్తరానికో దక్షిణానికో ఎన్ని డిగ్రీలు జరిగి ఉన్నాడో చెప్పేది క్రాంతి. జూన్ 21 ప్రాంతంలో అది ఉత్తరంగా 23.44 డిగ్రీలు, డిసెంబరు 21 ప్రాంతంలో దక్షిణంగా అంతే. ఏ ఊరి అక్షాంశంతో సూర్యుని క్రాంతి సమానమవుతుందో ఆ ఊరికి ఆ మధ్యాహ్నం నీడ ఉండదు. వరంగల్, హనుమకొండ, కాజీపేటల అక్షాంశం 18 డిగ్రీలకు అతి దగ్గర. సూర్యుని క్రాంతి 18 డిగ్రీలయ్యేది మే 11 లేదా 12న, తిరుగు ప్రయాణంలో ఆగస్టు 1 ప్రాంతంలో. హైదరాబాదు కాస్త దక్షిణంగా ఉన్నందున అక్కడ మే 9కే ఈ రోజు వచ్చిపోతుంది. ఆ తరువాత నీడ లేని గీత రోజుకు సుమారు 28 కిలోమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూ కరీంనగర్‌ను మే 13 ప్రాంతంలో, నిజామాబాద్‌ను మే 14 ప్రాంతంలో, సిర్పూర్ కాగజ్‌నగర్‌ను మే 17 ప్రాంతంలో, ఆదిలాబాద్‌ను మే 18, 19 తేదీలలో దాటుతుంది. లీపు సంవత్సరాల సర్దుబాటు వల్ల ఈ తేదీలు ఒక రోజు అటూ ఇటూ కావచ్చు.

పంచాంగం చూసేవారు ఒక విషయం గమనించే ఉంటారు. కృత్తిక కార్తె మొదలయ్యేది కూడా మే 11 ప్రాంతంలోనే. ఇది మన ఊరికి ఈ కాలంలో కలిసివచ్చిన పొత్తు మాత్రమే. కార్తెలు నక్షత్రాలను బట్టి లెక్కకట్టేవి, నీడ లేని రోజు విషువత్తును, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజును, బట్టి వచ్చేది; ఈ రెండూ సుమారు 70 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఒకదానికొకటి దూరమవుతూ ఉంటాయి. అయినా, తేదీ గుర్తు పెట్టుకోవడానికి వరంగల్ వాసులకు ఇంతకంటే సులువైన ఆధారం లేదు.

కర్రకు బదులు రంధ్రం ఎందుకు

శంకువు అంటే సాధారణంగా నేలలో నిటారుగా పాతిన కర్ర. కర్రతో రెండు చిక్కులున్నాయి. మొదటిది, దాని నీడ కొస ఎప్పుడూ మసకగానే ఉంటుంది. సూర్యుడు బిందువు కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం కనుక, ఒక మీటరు ఎత్తునుంచి పడే నీడ అంచు దాదాపు 9 మిల్లీమీటర్ల మేర పలచబడి వెలుతురులో కలిసిపోతుంది. నీడ ఎక్కడ ముగిసిందో ఇద్దరిని అడిగితే రెండు చోట్లు చూపిస్తారు. రెండోది, కర్ర ఏమాత్రం ఒరిగినా కొలత మొత్తం తప్పుతుంది.

రంధ్రం పెట్టిన రేకు ఈ రెండు చిక్కులనూ ఒకేసారి తీరుస్తుంది. రేకులోని చిన్న రంధ్రం గుండా వచ్చిన వెలుగు కింద బల్ల మీద గుండ్రని బిళ్ళగా పడుతుంది. ఆ బిళ్ళ రంధ్రపు ఆకారం కాదు, సూర్యుని ప్రతిబింబమే. దాని అంచు మసకగా ఉన్నా నాలుగు వైపులా ఒకేలా మసకగా ఉంటుంది కనుక, నడిమి బిందువును మిల్లీమీటరు తేడాలో పట్టుకోవచ్చు. ఇక రేకును మోసే చట్రం ఎంత వంకరగా ఉన్నా నష్టం లేదు. రంధ్రం నుంచి తూకపుగుండు వేలాడదీస్తే బల్లను ఎక్కడ తాకుతుందో ఆ పాదబిందువూ, అక్కడి నుంచి రంధ్రం ఎత్తూ తెలిస్తే చాలు. జైపూరు జంతర్ మంతర్‌లో సవాయి జయసింహుడు 18వ శతాబ్దంలో కట్టించిన షష్ఠాంశ యంత్రం పనిచేసేది కూడా ఇదే సూత్రం మీద: చీకటి గదిలోకి రంధ్రం గుండా సూర్యబింబాన్ని పడనిచ్చి దాని స్థానాన్ని కొలవడం.

రేకుగా నూనె డబ్బా నుంచి కత్తిరించిన తగరపు రేకు సరిపోతుంది. అట్టముక్క ఎండకు వంకర తిరుగుతుంది కనుక వద్దు. ఒక జానెడు పొడవు, అంతే వెడల్పు ఉన్న రేకు మధ్యలో 3 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, గరుకు అంచులను ఆకురాయితో నున్నగా చేయాలి. రంధ్రం ఇంతకంటే పెద్దదైతే బిళ్ళ అంచు మరింత మసకబారుతుంది, మరీ చిన్నదైతే మే నెల ఎండలో బిళ్ళ కనిపించనంత పలచనవుతుంది. రేకు నీడలో బిళ్ళ పడుతుంది కనుక, రేకు పెద్దదిగా ఉండడం చూపుకు మేలు చేస్తుంది.

పరికరాన్ని నిలపడం

డాబా మీద దక్షిణం వైపు పిట్టగోడ ఇందుకు చక్కని ఆధారం. పిట్టగోడ మీద ఒక గట్టి చెక్కపలకను అడ్డంగా పెట్టి, దాని కొస డాబా లోపలికి, అంటే ఉత్తరంగా, అర మీటరు చొచ్చుకువచ్చేలా జరిపి, వెనుక భాగం కదలకుండా ఇటుకల బరువు పెట్టాలి. పలక లోపలి కొసకు దగ్గరగా 10 సెంటీమీటర్ల చదరపు కిటికీ కోసి, రేకును పలక అడుగున మేకులతో బిగించాలి. ఎండ ఏటవాలుగా వచ్చినప్పుడు పలక మందం రంధ్రానికి అడ్డుపడకుండా ఉండటానికే కిటికీ అంత పెద్దది కావాలి. ఇటుకల బరువు విషయంలో పిసినారితనం పనికిరాదు. గాలిదుమారానికి పలక కదిలితే అప్పటిదాకా వేసిన గుర్తులన్నీ వృథా అవుతాయి, పైగా పిట్టగోడ అవతల కింద మనుషులు తిరుగుతుంటారు. పలకను ఇనుప తీగతో కట్టివేయడం ఇంకా మంచిది.

కింద పరచడానికి 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ బల్ల తీసుకుని, పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండేలా, మూడు చోట్ల ఇటుక ముక్కల మీద నిలపాలి. నాలుగు కాదు, మూడే. మూడు ఆధారాల మీద నిలిచినది ఊగదు, మట్టం చేయడమూ సులువు. బల్ల మీద తెల్ల చార్టును ముడతలు లేకుండా అతికించాలి.

ఇక ఈ పని మొత్తానికి ప్రాణమైన మట్టం సంగతి. ఏ డాబా అయినా వాననీరు పోవడానికి వాలుగానే పోస్తారు. ఆ వాలు మీటరుకు ఒక సెంటీమీటరు ఉన్నా చాలు, కొలతలో 0.57 డిగ్రీల తప్పు వస్తుంది. భూమి మీద అది సుమారు 63 కిలోమీటర్లు. అంటే లెక్కలో వరంగల్ వెళ్లి కరీంనగర్‌కు ఉత్తరాన కూర్చుంటుంది. కనుక కంటితో చూసి సమంగా ఉందనుకోవడం ఎంతమాత్రం చెల్లదు. మేస్త్రీలు వాడే రసమట్టం తెచ్చి, బల్ల మీద ముందు పొడవునా, తరువాత అడ్డంగా, ఆపైన మూల నుంచి మూలకు పెట్టి చూడాలి. రసమట్టం సరైనదో కాదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఒకచోట పెట్టి బుడగ ఎక్కడ నిలిచిందో చూసి, మట్టాన్ని అదే చోట తూర్పు కొస పడమరకు వచ్చేలా తిప్పి పెట్టాలి. బుడగ రెండుసార్లూ గాజుగొట్టం మీది ఒకే వైపు గుర్తుకు జరిగితే తప్పు మట్టానిది. తిప్పి పెట్టాక రెండో వైపు గుర్తుకు జరిగితే తప్పు బల్లది. ఇటుక ముక్కల కింద పేకముక్కల వంటి పలచని అట్టలు దోపుతూ సరిచేసుకోవచ్చు. రసమట్టం దొరకకపోతే, గృహనిర్మాణంలో వాడే నీళ్ల పైపు మట్టంతో బల్ల నాలుగు మూలలూ సరిచూసుకోవచ్చు. ఓపికగా చేస్తే అదే ఎక్కువ నమ్మదగినది.

మట్టం కుదిరాక తూకపుగుండు. తెల్లవారుజామున గాలి ఆడనప్పుడు రంధ్రం నుంచి సన్నని నూలుదారంతో గుండు దించి, దాని మొన బల్లకు వెంట్రుకవాసి ఎత్తులో నిలిచాక పెన్సిలుతో గుర్తు పెట్టాలి. దారం రంధ్రానికి ఒక అంచున ఆనుకుంటుంది కాబట్టి, రంధ్రం వెడల్పులో సరిపోయే అగ్గిపుల్ల ముక్కకు నడుమ దారం కట్టి రంధ్రం మీద అడ్డంగా పెట్టడం మేలు. ఈ పాదబిందువు బల్ల దక్షిణపు అంచు నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, అడ్డంగా చూస్తే నడుమన ఉండేలా బల్లను ముందే జరుపుకోవాలి. జూన్‌లో బిళ్ళ పాదబిందువుకు దక్షిణంగా 9.5 సెంటీమీటర్ల దాకా పోతుంది, డిసెంబరులో ఉత్తరంగా 88 సెంటీమీటర్ల దాకా పోతుంది; ఆ రెంటికీ చోటు కావాలి.

రంధ్రం ఎత్తు సరిగ్గా ఒక మీటరు ఉండేలా చేసుకుంటే లెక్కలు చాలా తేలికవుతాయి. ఎత్తును స్టీలు టేపుతో, రేకు అడుగు నుంచి చార్టు ఉపరితలం వరకు కొలవాలి. రెండు మీటర్ల ఎత్తు పెడితే కొలత మరింత సూక్ష్మమవుతుందని కొందరు భావిస్తారు గాని, ఎత్తుతో పాటు బిళ్ళా పెరుగుతుంది, మసకా పెరుగుతుంది, వెలుగు తగ్గుతుంది. ఇంటి డాబాకు ఒక మీటరే తగిన ఎత్తు అని నా నిశ్చితాభిప్రాయం.

ఉత్తర దక్షిణ రేఖ గీయడం

ఫోను దిక్సూచిని డాబా మీద నమ్మరాదు. స్లాబులోని ఇనుప చువ్వలు దాన్ని తప్పుదారి పట్టిస్తాయి, పైగా అయస్కాంతం చూపే ఉత్తరం భౌగోళిక ఉత్తరం కాదు. సూర్యుడే చూపించే ఉత్తరం అంతకంటే నిక్కచ్చిది. పాదబిందువు కేంద్రంగా 20, 24, 28 సెంటీమీటర్ల వ్యాసార్ధాలతో మూడు వృత్తాలు గీయాలి. పొద్దున బిళ్ళ పడమటి వైపు నుంచి వచ్చి ఒక్కో వృత్తాన్ని దాటి లోపలికి వస్తుంది. మధ్యాహ్నం దాటాక తూర్పు వైపున ఒక్కో వృత్తాన్ని దాటి బయటికి పోతుంది. బిళ్ళ కేంద్రం వృత్తం మీదకు వచ్చిన ప్రతిసారీ చుక్క పెట్టాలి. ఒకే వృత్తం మీది రెండు చుక్కలను కలిపితే తూర్పు పడమర రేఖ వస్తుంది. దానికి పాదబిందువు గుండా గీసిన లంబం ఉత్తర దక్షిణ రేఖ. మూడు వృత్తాలు ఎందుకంటే, ఒక చుక్క సమయానికి మబ్బు అడ్డం వస్తే మరొకటి ఉంటుంది. మూడూ దొరికితే మూడు రేఖలు సమాంతరంగా ఉన్నాయో లేదో చూసి మన పనితనాన్ని మనమే పరీక్షించుకోవచ్చు. ఆలయాల, యజ్ఞవేదికల దిక్కులు నిర్ణయించడానికి మన పూర్వులు శంకువు చుట్టూ వృత్తం గీసి వాడిన పద్ధతి ఇదే.

ఏప్రిల్ చివరి వారం ఈ పనికి అన్నివిధాలా అనుకూలం. అప్పుడు సూర్యుడు దాదాపు నడినెత్తి మీదుగా పోతాడు కనుక బిళ్ళ వృత్తాన్ని ఎదురుగా కోసుకుంటూ పోతుంది, ఎక్కడ దాటిందో చెప్పడం తేలిక. ఒక్క హెచ్చరిక: మధ్యాహ్నపు సూర్యుణ్ణి రంధ్రం గుండా పైకి చూడకూడదు, పిల్లలను చూడనివ్వకూడదు. చూపు ఎప్పుడూ బల్ల మీదే ఉండాలి.

గడియారపు పన్నెండు, సూర్యుని పన్నెండు

మన గడియారాలు నడిచేది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశపు సమయం ప్రకారం. హనుమకొండ రేఖాంశం సుమారు 79.6 డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున, సూర్యుడు మన రేఖను చేరడం 11 నిమిషాల 36 సెకన్ల ఆలస్యం. దీనికి తోడు, భూమి కక్ష్య దీర్ఘవృత్తం కావడం వల్లా, భూమి అక్షం వాలి ఉండటం వల్లా సూర్యుడు ఏడాదిలో కొన్ని నెలలు ముందుగా, కొన్ని నెలలు ఆలస్యంగా నడుస్తాడు. ఈ రెండూ కలిపితే వరంగల్‌లో నిజమైన మధ్యాహ్నం ఫిబ్రవరి రెండో వారంలో 12:26కు, మే రెండో వారంలో 12:08కి, జులై చివర 12:18కి వస్తుంది. నవంబరు మొదటి వారంలో మాత్రం 11:55కే వచ్చేస్తుంది. ఈ సమయాలను నమ్మి ఊరుకోనక్కరలేదు. బిళ్ళ ఉత్తర దక్షిణ రేఖను దాటిన క్షణాన్ని ఫోను గడియారంలో రాసుకుంటూ పోతే ఏడాది తిరిగేసరికి ఈ పట్టిక మొత్తం మీ పుస్తకంలోనే ఉంటుంది.

మే నెల పరిశీలన

మే 5 నుంచి 18 వరకు ప్రతి మధ్యాహ్నం ఒక పావుగంట కేటాయించాలి. ఎండ మామూలుగా ఉండదు కనుక 12 గంటలకు కాస్త ముందు డాబా ఎక్కి, ఎత్తునూ మట్టాన్నీ సరిచూసి, పని ముగిసిన వెంటనే దిగిపోవాలి. తలపాగా, చెప్పులు, నీళ్ల సీసా తప్పనిసరి. పిల్లలతో చేయిస్తుంటే వారిని నీడలో కూర్చోబెట్టి ఒక్కొక్కరినే బల్ల దగ్గరకు పిలవడం మంచిది.

12:03 నుంచి 12:13 వరకు నిమిషానికి ఒక చుక్క చొప్పున బిళ్ళ కేంద్రాన్ని గుర్తించాలి. ఈ రోజుల్లో బిళ్ళ నిమిషానికి 4 మిల్లీమీటర్లకు పైగా తూర్పుకు జరుగుతుంది; చూస్తుండగానే కదలిక తెలుస్తుంది. మొదటిసారి చూసేవారు, భూమి తిరగడాన్ని ఇంత దగ్గరగా చూడవచ్చునా అని ఆశ్చర్యపోతారు. కేంద్రాన్ని పట్టుకోవడానికి నేను ఇష్టపడే పద్ధతి ఇది: పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క మీద 10, 12, 14 మిల్లీమీటర్ల వ్యాసాలతో ఒకదానిలో ఒకటి వృత్తాలు గీసి, నడుమ సూదితో చిన్న రంధ్రం చేసుకోవాలి. ఒక మీటరు ఎత్తు నుంచి 3 మిల్లీమీటర్ల రంధ్రం గుండా పడే బిళ్ళ సుమారు 12 మిల్లీమీటర్లు ఉంటుంది. ప్లాస్టిక్ ముక్కను బిళ్ళ మీద జరిపి, మసక అంచు అన్ని వైపులా వృత్తానికి సమంగా కనిపించిన క్షణంలో సూది రంధ్రం గుండా పెన్సిలు మొన తాకించాలి. నీడ అంచును కంటితో అంచనా వేయడం కన్నా ఇది ఎన్నో రెట్లు నిలకడైన ఫలితం ఇస్తుంది.

పదకొండు చుక్కల మీదుగా స్కేలుతో ఒక సరళరేఖ గీసి, ఆ రేఖ పాదబిందువు నుంచి ఉత్తరంగానో దక్షిణంగానో ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో పోయిందో కొలవాలి. ఒక్క చుక్కను నమ్మకుండా పదకొండింటిని కలపడం వల్ల చేతి వణుకు, కంటి పొరపాటు చాలావరకు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. ప్రతి రోజుకు ఒక రంగు పెన్సిలు వాడి, రేఖ పక్కన తేదీ వేయాలి. అన్నీ సరిగా ఉంటే రేఖలు రోజుకు దాదాపు నాలుగున్నర మిల్లీమీటర్ల ఎడంతో దక్షిణానికి జరుగుతూ పోతాయి: మే 8న పాదబిందువుకు ఉత్తరంగా 15 మిల్లీమీటర్ల ప్రాంతంలో, మే 10న 6, 7 మిల్లీమీటర్లలో, మే 13న దక్షిణంగా అంతే దూరంలో, మే 15న దక్షిణంగా 15 మిల్లీమీటర్ల ప్రాంతంలో. ఈ సంఖ్యలను ముందే మనసులో పెట్టుకుని చుక్కలను వాటి వైపు లాగకూడదు. కొలత ఏది వస్తే అదే రాయాలి. ఒక రోజు రేఖ వరుస తప్పితే దాన్ని చెరిపివేయక, పక్కన గాలి, మబ్బు, మట్టం సంగతులు రాసి ఉంచాలి.

తరువాత గళ్ల కాగితం మీద అడ్డంగా తేదీలు, నిలువుగా దూరాలు వేసి, ఉత్తరాన్ని ధనంగా, దక్షిణాన్ని ఋణంగా తీసుకుని చుక్కలు పెట్టాలి. అవి దాదాపు ఒక సరళరేఖ మీద ఉంటాయి. ఆ రేఖ సున్నాను కోసిన చోటే మీ డాబాకు నీడ లేని రోజు. రోజు మాత్రమే కాదు, రోజులో భాగం కూడా తెలుస్తుంది. మే 11న మబ్బు పట్టి పరిశీలనే కుదరకపోయినా ఫలితానికి లోటు రాదు. అకాల వర్షాలు పడే మన వేసవిలో ఈ పద్ధతికి ఉన్న పెద్ద బలం ఇదే. ఆ తేదీకి సూర్యుని క్రాంతి ఎంతో ఏదైనా ఖగోళ పట్టికలో చూస్తే, అదే మీ అక్షాంశం. సున్నాను కోసే చోటులో అర రోజు తేడా ఉంటే అక్షాంశంలో సుమారు 14 కిలోమీటర్ల తేడా వస్తుంది. చెక్కపలకతో, రేకుముక్కతో చేసిన కొలతకు ఇది గర్వించదగిన ఫలితం.

రైలు దారి వెంట భూమి వ్యాసార్ధం

క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు ఈజిప్టులోని రెండు నగరాల నీడలను పోల్చి భూమి చుట్టుకొలతను లెక్కకట్టాడు. సయీన్‌లో నీడ లేని మధ్యాహ్నం అలెగ్జాండ్రియాలో నీడ వృత్తంలో 50వ వంతు, అంటే 7.2 డిగ్రీలు ఉంది. మనకు అంతకంటే అనుకూలమైన ఏర్పాటు ఇంటి పక్కనే ఉంది. కాజీపేట నుంచి పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా బల్లార్షా వైపు పోయే రైలు దారి మొత్తం మీద ఉత్తరానికే సాగుతుంది. కాజీపేట, సిర్పూర్ కాగజ్‌నగర్ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. రెండింటి మధ్య ఉత్తర దక్షిణ దూరం సుమారు 150 కిలోమీటర్లు. రైలు కిలోమీటర్లు లెక్కలోకి తీసుకోకూడదు, దారి వంపులు తిరుగుతుంది కనుక. పటం మీద నేరుగా ఉత్తర దక్షిణాలుగా కొలిచిన దూరమే కావాలి.

కాగజ్‌నగర్‌లో ఒక మిత్రుణ్ణో, బంధువునో, బడి పంతులునో ఒప్పించి, ఒక మీటరు ఎత్తుతో ఇదే పరికరాన్ని అక్కడా నిలపాలి. రోజుగా మే 14ను ఎంచుకోవాలి. ఆ మధ్యాహ్నం నీడ లేని గీత కాజీపేటను దాటిపోయి, కాగజ్‌నగర్‌ను ఇంకా చేరకుండా, రెండు ఊళ్లకూ నడుమ ఉంటుంది. అందువల్ల ఇక్కడ బిళ్ళ పాదబిందువుకు దక్షిణంగా సుమారు 12 మిల్లీమీటర్ల దూరంలో పడుతుంది, అక్కడ ఉత్తరంగా సుమారు 11.5 మిల్లీమీటర్ల దూరంలో పడుతుంది. ఒకే సూర్యుడు, ఒకే మధ్యాహ్నం, నీడలు మాత్రం ఎదురెదురు దిక్కులకు. నేల వంగి ఉండటానికి ఇంతకంటే కళ్లకు కట్టే రుజువు నాకు తెలియదు.

కోణాలు ఇంత చిన్నవి కనుక త్రికోణమితి అవసరం కూడా లేదు. రెండు దూరాలను కలిపి, ఆ మొత్తం రంధ్రం ఎత్తులో ఎన్నో వంతో చూస్తే, రెండు ఊళ్ల దూరం భూమి వ్యాసార్ధంలో అన్నో వంతు. మొత్తం 2.35 సెంటీమీటర్లు వస్తే, 150ని 100తో హెచ్చించి 2.35తో భాగించాలి; వచ్చేది సుమారు 6,380 కిలోమీటర్లు. శాస్త్రజ్ఞులు వాడే సగటు వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు. అయితే ఇంత దగ్గరి ఫలితం ప్రతిసారీ రాదు. మొత్తంలో ఒక్క మిల్లీమీటరు తప్పితే వ్యాసార్ధం దాదాపు 270 కిలోమీటర్లు మారుతుంది. కనుక మే 12 నుంచి 16 వరకు అయిదు రోజులూ రెండు చోట్లా కొలిచి, రోజుకొక ఫలితం తీసి, వాటి సగటుతో పాటు అవి ఎంత మేర చెదిరి ఉన్నాయో కూడా రాయాలి. చెదురు చెప్పని సగటుకు విలువ లేదు.

ఏడాది పొడవునా

పరికరాన్ని మే తరువాత విప్పివేయకుండా ఉంచగలిగితే, ఏ పట్టికా చూడకుండానే అక్షాంశాన్నీ భూమి అక్షపు వాలునూ రాబట్టవచ్చు. జూన్ 21 ప్రాంతంలో మధ్యాహ్నపు బిళ్ళ పాదబిందువుకు దక్షిణంగా 9.5 సెంటీమీటర్ల దగ్గర, డిసెంబరు 21 ప్రాంతంలో ఉత్తరంగా 88.3 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. దూరాన్ని ఎత్తుతో భాగించి, ఫోను క్యాలిక్యులేటరులో విలోమ ట్యాంజెంటు తీస్తే మొదటిది 5.4 డిగ్రీలు, రెండోది 41.4 డిగ్రీలు. ఎదురెదురు దిక్కులు కనుక రెండోదాని నుంచి మొదటిదాన్ని తీసివేసి సగం చేస్తే 18, అది మన అక్షాంశం; రెండూ కలిపి సగం చేస్తే 23.4, అది అక్షపు వాలు. డిసెంబరులో ఆకాశం తేటగా ఉంటుంది గాని బిళ్ళ కోలగా సాగి పలచబడుతుంది కనుక పెద్ద రేకుతో దాని చుట్టూ నీడ పెంచుకోవాలి.

జూన్‌లో నైరుతి మబ్బులు అడ్డం వస్తాయి. అయినా ఆ రోజుల్లో సూర్యుని క్రాంతి చాలా నెమ్మదిగా మారుతుంది. జూన్ 16 నుంచి 26 వరకు ఏ మధ్యాహ్నం మబ్బు విచ్చుకున్నా తప్పు డిగ్రీలో పదో వంతుకు లోపే ఉంటుంది. ఆ పదకొండు రోజులూ 12:10కల్లా బల్ల మీది ప్లాస్టిక్ కప్పు తీసి సిద్ధంగా ఉండాలి. బిళ్ళ రేఖను దాటేది 12:12, 12:15 మధ్య. రెండు మబ్బుల నడుమ రెండు మూడు చుక్కలు పెట్టే వ్యవధి దొరికినా ఆ ఏటి జూన్ కొలతకు అవి చాలు.